ఇరవైకి పైన, ఎనభైకి కింద

మట్టపర్తి భీమేశానికి ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఒక్క మెమో కూడా రాలేదు. కరెంటు శాఖ సంగతి తెలిసినవాళ్లెవరూ ఈ మాట నమ్మరు. అక్కడ స్తంభం ఒరిగితే ఎందుకు ఒరిగిందని మెమో, ఒరగకపోతే ఒరిగిందని కబురు చేసినవాడికి మెమో. అలాంటి చోట తాటిలంక లైన్‌మన్ భీమేశం చొక్కాకు మరక అంటకుండా బురదలోంచి నడిచొచ్చాడు. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైర్మెంటు. ఆ లోపు ఒక్క కోరిక తీరితే చాలు.

కోరిక ఆయనది కాదు, పెళ్లాం మంగతాయారుది. కాబట్టి తీరి తీరాల్సిందే. మంగతాయారు అక్క మొగుడు, అంటే భీమేశం తోడల్లుడు, లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాడు. అప్పటి నుంచీ ఏ పేరంటంలో కనబడినా ఆ అక్క నోట మరో మాట లేదు. "మా ఇన్‌స్పెక్టరు గోరికి ఉప్పు తగ్గించమన్నారే", "మా ఇన్‌స్పెక్టరు గోరు ఫ్యాను కింద తప్ప కూకోరే" అంటూ పదేళ్లుగా ఊపిరాడనివ్వడం లేదు.

"నాకు నగలొద్దు, పట్టుచీరలొద్దు. మా అక్క ముందు నిలబడి ఒకే ఒక్కసారి 'మా ఇన్‌స్పెక్టరు గోరు' అనాలండి. ఆ తర్వాత నేను పోయినా పర్లేదు," అంటుంది మంగతాయారు.

"పోవడం దేనికే? శ్రావణంలో ఇన్‌స్పెక్టరు పోస్టు ఖాళీ అవుద్ది. సీనియారిటీలో నాదే ముందు పేరు. విస్తరేసేశారు, వడ్డించడమే తరువాయి," అనేవాడు భీమేశం.

వడ్డించేవాడు మనవాడైనా విస్తరి లాగేసేవాడు ఎక్కడో పుడుతూనే ఉంటాడు. ఈసారి వాడు ఒక సదస్సులో పుట్టాడు.

ఆ మాఘమాసంలో జిల్లా కరెంటుకంతటికీ పెద్దయిన సూపరింటెండింగ్ ఇంజనీరు ఆనందవర్ధనరావు గారు, కిందివాళ్ల నోట ఎస్ఈ గారు, ఏదో ఏసీ హోటల్లో రెండు రోజుల సదస్సుకు వెళ్లొచ్చారు. సదస్సుల నుంచి జనం మామూలుగా ఒక సంచీ, ఒక పెన్ను, కాస్త జలుబు తెచ్చుకుంటారు. ఎస్ఈ గారు జ్ఞానం తెచ్చుకున్నారు. అక్కడ ఒకాయన స్మార్ట్‌ఫోన్ బ్యాటరీ గురించి చెప్పాడట. లిథియం బ్యాటరీని సున్నా దాకా పిండెయ్యకూడదు. వంద దాకా నింపి, నిండాక కూడా గోడకి వేలాడదీసి వదిలెయ్యకూడదు. ఇరవైకీ ఎనభైకీ మధ్య ఉంచితే నాలుగు కాలాలు మన్నుతుంది. వేడి దానికి అస్సలు పడదు.

నిజానికి అన్నీ మంచి మాటలే. ఇంట్లో అమ్మ చెప్పినట్టు చెబితే ఎవరైనా వింటారు. కానీ మంచి మాట గవర్నమెంటు ఆఫీసు గుమ్మం తొక్కిందా, దానికి నంబరు పడుతుంది, తేదీ పడుతుంది, ఆ వెంటనే శిక్ష పడుతుంది. వారం తిరక్కుండా "బ్యాటరీ దీర్ఘాయు మహోద్యమం" మొదలైంది. దానికి సాకు కూడా లేకపోలేదు. క్రితం ఏడు సంస్థ లైన్‌మన్లందరికీ ఫోన్లిచ్చింది. సగం ఫోన్ల బ్యాటరీలు ఏడాదికే పూరీల్లా పొంగి కూర్చున్నాయి.

మొదటి సమావేశానికి జిల్లాలోని లైన్‌మన్లందరినీ పిలిచారు. ఆ పూట జిల్లాలో ఎక్కడ ఫ్యూజు పోయినా వేసే నాథుడు లేడు.

"మిత్రులారా! బ్యాటరీ అంటే ఏమిటి?" అని అడిగారు ఎస్ఈ గారు. ఎవరో నోరు తెరవబోయేసరికి తనే "బాధ్యత!" అని బల్ల గుద్దారు. "ఫోనులో దీర్ఘాయువు అను యాప్ అమర్చడమైనది. ఇరవై శాతానికి తగ్గరాదు. ఎనభై శాతానికి మించరాదు. ఇరవైకి తగ్గిన తక్షణం ఫోను విశ్రాంతి స్థితిలోకి పోవును. తాళము తీయు అధికారం పై అధికారికి మాత్రమే కలదు. అధీకృత చార్జరు మాత్రమే వాడవలెను. మరియు, పదోన్నతికి ఇకపై సీనియారిటీ ప్రాతిపదిక కాదు. బ్యాటరీ ఆరోగ్య సూచిక ఎవరిదైతే అత్యధికమో, వారే అర్హులు!"

ముప్పై నాలుగేళ్లు స్తంభాలెక్కి దిగింది ఇందుకా అనుకున్నాడు భీమేశం. అయినా పైకి ఏమీ కనబడనివ్వకుండా చెయ్యెత్తాడు.

"అయ్యగోరూ, చిన్న డౌటండి. నేను స్తంభం మీదున్నప్పుడు ఇరవైకి వచ్చేసిందనుకోండి. ఏం సెయ్యాలండి?"

"దిగిపో."

"మరి కరెంటండీ?"

"ముందు బ్యాటరీ. కరెంటు మన దగ్గర బోలెడుంది," అన్నారు ఎస్ఈ గారు. చప్పట్లు మోగాయి. ముందు వరసలో ఇంజనీర్లు కొట్టారు కాబట్టి వెనక వరసలూ కొట్టాయి. భీమేశమూ కొట్టాడు. అక్కడితో కూర్చుంటే పోయేది, మరో మాట అడిగాడు.

"అయ్యగోరూ, రబ్బరు గ్లౌజులు సిరిగిపోయి రెండేళ్లయిందండి. అర్జీ పెట్టినప్పుడల్లా..."

"పరిశీలనలో ఉన్నది," అన్నారు ఎస్ఈ గారు, అలవాటు కొద్దీ. ఆ గ్లౌజుల అర్జీకి రెండేళ్లలో ఇరవై నాలుగు జవాబులొచ్చాయి. ఇరవై నాలుగూ ఆ రెండు మాటలే.

లేస్తూ లేస్తూ ఎస్ఈ గారు చివరి నిబంధన ఒకటి చదివారు. పై అధికారులకు ఊరికే ఫోన్లు చేసి చార్జింగు వృథా చేయరాదు. ఏ అనుమతి కావాలన్నా కాగితం మీద రాసి పెట్టాలి. మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే అనుమతి లభించినట్టే భావించాలి. అప్పుడెవరూ ఆ వాక్యాన్ని పట్టించుకోలేదు. భోజనాల వాసన వస్తోంది మరి.

ఆ రోజు నుంచీ తాటిలంకలో భీమేశం ఇల్లు ఇల్లు కాదు, ఆసుపత్రి. ఫోను చార్జింగులో ఉన్నంతసేపూ మంగతాయారు పీట వేసుకుని దాని ఎదురుగా కూర్చునేది. పొయ్యి మీద పాలు పొంగకుండా ఎలా చూస్తారో అలా చూసేది. "డెబ్బై ఏడు... డెబ్బై ఎనిమిది... ఏవండోయ్! డెబ్బై తొమ్మిది!" అని కేకేసేది. భీమేశం ఎక్కడున్నా, ఏ స్థితిలో ఉన్నా పరిగెత్తుకొచ్చి వైరు పీకాలి. ఒకసారి దొడ్లో స్నానం చేస్తూ ఒంటి మీద సబ్బుతో వచ్చాడు. ఎదురింటివాళ్లు ఇప్పటికీ ఆ సంగతి పెళ్లిళ్లలో చెప్పుకుంటారు.

ఆపైన తెలిసిన సంగతేమిటంటే, బ్యాటరీని అసలు తినేస్తున్నది దీర్ఘాయువు యాపే. బ్యాటరీ ఎలా ఉందో అరగంటకోసారి పైకి కబురు పంపుతుంది. ఆ కబురు పంపడానికి రెండు శాతం కాలుతుంది. పొద్దున్న ఎనభైతో బయల్దేరిన మనిషి, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకపోయినా, సాయంత్రానికి నలభైకి దిగుతాడు. రోగం ఎలా ఉందని గంటకోసారి కుదిపి లేపే చుట్టం లాంటిదన్నమాట. ఈ మాటే సెక్షన్ ఆఫీసులో అసిస్టెంటు ఇంజనీరు హిమజ దగ్గర మొరపెట్టుకున్నాడు భీమేశం. హిమజ చిన్న వయసు, మంచి మనిషి. ఉద్యోగంలో చేరి మూడేళ్లే అయింది కాబట్టి ఇంకా మంచితనం మిగిలి ఉంది.

"నేను పైకి రాశాను భీమేశం గారూ. యాప్ తినే చార్జింగ్ మీద నిఘా పెట్టడానికి ఇంకో యాప్ పంపిస్తామన్నారు," అంది ఆవిడ, నెత్తి పట్టుకుని.

ఎండాకాలం వచ్చింది. రెండో సర్క్యులర్ కూడా వచ్చింది. బ్యాటరీకి ముప్పై అయిదు డిగ్రీలు దాటరాదు. అందువల్ల ప్రతి ఫోనుకూ సంస్థ తరఫున ఒక గొడుగు మంజూరు చేయడమైనది. లైన్‌మన్ స్తంభం మీద ఉన్నప్పుడు ఫోను కింద గొడుగు నీడన ఉండవలెను. మంజూరైన గొడుగు లైన్‌మన్ వాడరాదు. కాబట్టి ఆ వైశాఖంలో తాటిలంక జనం వింత చూశారు. పైన నెత్తి మాడుతూ, చిరిగిన గ్లౌజులతో భీమేశం. కింద ముక్కాలి పీట, పీట మీద తడిగుడ్డ, గుడ్డ మీద ఫోను, ఫోను మీద నల్ల గొడుగు.

"ఏం భీమేశం బావా, పెళ్లికొడుకెవరు, నువ్వా అదా?" అని అడిగేవాళ్లు దారినపోయేవాళ్లు.

"నవ్వండ్రా నవ్వండి, శ్రావణంలో సూడండి," అనేవాడు భీమేశం పైనుంచి. వాళ్లకు చెప్పని మాట ఒకటుంది. జిల్లాలో బ్యాటరీ ఆరోగ్యం పట్టికలో అప్పటికి ఆయనది నూటికి నూరు. ఎక్కడో ఒకచోట ముప్పై నాలుగేళ్ల ఒళ్లు దాచుకోని అలవాటు పనికొస్తుంది కదా.

గాలివాన జ్యేష్ఠంలో ఒక మధ్యాహ్నం పట్టుకుంది. గంటసేపు కొట్టి పోయింది. పోతూ పోతూ ఒక కొబ్బరిచెట్టు మట్టను తెచ్చి తాటిలంక లైను మీద పడేసింది. ఊళ్లో కరెంటు పోయింది. తాటిలంకలో కరెంటు పోవడమంటే దీపాలారిపోవడం కాదు. రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఫ్యాన్లు ఆగిపోతాయి. మబ్బు పట్టిన రోజు ఆ ఫ్యాన్లు మూడు గంటలు ఆగితే రొయ్య ఊపిరందక తేలిపోతుంది. ఊరు ఊరంతా ఆ రొయ్య మీదే బతుకుతోంది. జనరేటర్లు ఉన్నవాడు ఒక్కడుంటే లేనివాళ్లు పదిమంది.

భీమేశం ఫోను అప్పటికి ముప్పై ఒకటి. పది నిమిషాల్లో నలభై ఫోన్లొచ్చాయి. "కరెంటెప్పుడొత్తాది బావా?" "ఆయ్, ఎల్తన్నా." ఇరవై ఆరు. "మా సెరువు సూడవా బావా?" "ఆయ్, ఎల్తన్నా." ఇరవై రెండు. స్తంభం మొదటికి చేరేసరికి ఫోను ఒక్కసారి కూసి, "విశ్రాంతి" అని చూపించి నల్లబడిపోయింది. పంతొమ్మిది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. లైన్‌మన్ స్తంభమెక్కే ముందు సబ్‌స్టేషనుకు చెప్పి ఆ లైనులో కరెంటు ఆపించాలి. ఆపినట్టు అక్కడి ఆపరేటరు ఒక నంబరిస్తాడు. దాన్ని లైన్ క్లియర్ అంటారు. ఆ నంబరు చేతికి రాకుండా ఎక్కినవాళ్ల ఫొటోలు దండలతో ప్రతి ఆఫీసు గోడ మీదా ఉంటాయి. వెనకటికి రిజిస్టరులో సంతకం పెట్టి ఇచ్చేవారు. క్రితం ఏటి నుంచీ ఫోనులో మాత్రమే ఇస్తారు.

చుట్టూ మూగిన రైతులకు భీమేశం విడమరిచి చెప్పాడు. "కరెంటు రావాలంటే నేను ఎక్కాలి. ఎక్కాలంటే ఫోను కావాలి. ఫోను లేవాలంటే చార్జింగు కావాలి. చార్జింగవ్వాలంటే కరెంటు రావాలి."

"మరి కరెంటు రావాలంటే?" అన్నాడొకడు.

"నేను ఎక్కాలి."

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ట్రాక్టరు బ్యాటరీకి తగిలిద్దామన్నాడు ఒకాయన. అధీకృత చార్జరు కాదు. ఎవరో తమ సొంత ఫోను ఇవ్వబోయారు. దీర్ఘాయువు లేని ఫోనుకు నంబరు రాదు. ఒక ముసలాయన మాత్రం చెరువు వైపు తిరిగి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని గట్టున కూలబడ్డాడు. భీమేశం ఆ ముసలాయన్ని చూశాడు. ఆ తర్వాత సైకిలు తీశాడు.

ఆరు కిలోమీటర్లు, బురద, ఎదురుగాలి. సబ్‌స్టేషనుకు చేరేసరికి మనిషి తడిసిన గోనెసంచిలా ఉన్నాడు. ఆపరేటరు ఏసుపాదం పాతికేళ్ల స్నేహితుడు. కానీ నిబంధన నిబంధనే.

"చార్జింగు పెట్టు, ఇరవై దాటనీ. ఏఈ మేడం తాళం తీత్తారు," అన్నాడు ఏసుపాదం.

"దార్లో సెక్షన్ ఆఫీసులో అడిగొచ్చాను. మేడం గోరి ఫోనూ పంతొమ్మిదికి దిగిపోయిందంట. ఆవిడ తాళం ఎస్ఈ గోరు తియ్యాలి. ఆయనేమో వీడియో మీటింగులో ఉన్నారంట."

"దేని మీద?"

"బ్యాటరీల మీద."

ఏసుపాదం కాసేపు పైకప్పు వైపు చూశాడు. ప్రార్థన చేశాడో తిట్టాడో తెలియదు. ఆనక వంగి, బల్ల కుంటి కాలి కింద ఎత్తు పెట్టిన పాత రిజిస్టరు లాగాడు. బల్ల ఒక పక్కకు ఒరిగింది. దుమ్ము దులిపి, నంబరు రాసి, లైను ఆపి, ఇద్దరూ సంతకాలు పెట్టారు. భీమేశం మళ్లీ ఆరు కిలోమీటర్లు తొక్కాడు. ఎక్కి మట్ట తీశాడు, తీగ కలిపాడు, దిగాడు, ఒక రైతు ఫోనులో ఏసుపాదానికి పనైందని కబురు పంపాడు. సరిగ్గా రెండు గంటల నలభై నిమిషాలకు తాటిలంక చెరువుల్లో ఫ్యాన్లు తిరిగాయి. గట్టున కూలబడ్డ ముసలాయన లేచి వచ్చి భీమేశం బురద చేతులు పట్టుకున్నాడు.

కథ ఇక్కడ ఆగితే ఎంత బాగుండేది! ఆగలేదు. ఇంటికి రాగానే ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు భీమేశం. ఊళ్లోవాళ్లు మంగతాయారుకు బుట్టెడు రొయ్యలు తెచ్చిచ్చారు. ఆవిడ ఫోను చార్జింగుకు తగిలించి, మొగుడు లేచేసరికి వేపుడు చెయ్యాలని పొయ్యి ముందు కూర్చుంది. సంతోషంలో లెక్క తప్పింది. ఆవిడకు గుర్తొచ్చేసరికి ఫోను నిండి రెండు గంటలైంది. వంద.

ముప్పై నాలుగేళ్ల సర్వీసులో మొదటి మెమో ఇలా వచ్చింది: "మీ సంరక్షణలోని బ్యాటరీని పంతొమ్మిది శాతమునకు దిగజార్చి, అదే దినమున నూరు శాతమునకు ఎగబ్రాకించి, తద్వారా సదరు బ్యాటరీకి తీవ్రమైన అంతర్గత క్షోభ కలిగించినందులకు మీపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను."

విచారణ ఎస్ఈ గారి గదిలో జరిగింది. హిమజ కూడా వచ్చింది.

"పంతొమ్మిది సంగతి అలా ఉంచు. వంద ఎందుకైంది?" అన్నారు ఎస్ఈ గారు.

"మా ఆవిడ అప్పుడు రొయ్యలు వేపుతుందండి."

"రొయ్యలు!" ఎస్ఈ గారు కళ్లజోడు తీశారు. "రొయ్య చస్తే మరో రొయ్య పుడుతుంది. బ్యాటరీ పుడుతుందా?"

"సార్, ఆ పరిస్థితిలో తొందరపడి లైన్ క్లియర్ లేకుండా ఎక్కి ఉంటే ఈయన ప్రాణం పోయేది. నిబంధన కోసం పన్నెండు కిలోమీటర్లు తొక్కారు," అంది హిమజ.

"ప్రాణం పోతే నష్టపరిహారానికి నిబంధన ఉందమ్మా. బ్యాటరీ పోతే ఏ పద్దు కింద రాయాలి?" అన్నారు ఎస్ఈ గారు, నిజంగానే బాధపడుతూ. హిమజ మంచితనంలో ఆ రోజు ఒక పిసరు తగ్గింది.

సూచికలో తొమ్మిది మార్కులు కోశారు. అయినా భీమేశం ఆశ వదులుకోలేదు. గాలివాన జిల్లా అంతటా కొట్టింది కదా, లైన్‌మన్లందరి ఫోన్లూ పడుకున్నాయి. అందరికీ ఆయనకంటే ఎక్కువే కోత పడింది. తొంభై ఒకటితో తనే ముందుంటాడని వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. లెక్క తప్పలేదు, కానీ మనుషులను మాత్రమే లెక్కేశాడు.

శ్రావణ శుక్రవారం నాడు సభ పెట్టి జాబితా చదివారు. మంగతాయారు పట్టుచీర కట్టుకుని వెనక వరసలో కూర్చుంది. అక్కను కూడా వెంటబెట్టుకొచ్చింది.

"ద్వితీయ స్థానం, తొంభై ఒకటి, మట్టపర్తి భీమేశం. ప్రథమ స్థానం..." ఎస్ఈ గారు కాగితం కళ్లకద్దుకున్నారు. "నూటికి నూరు! ఎండలో వేడెక్కలేదు. గాలివానలో చలించలేదు. ఒక్కనాడూ ఇరవైకి దిగలేదు, ఎనభైకి ఎక్కలేదు. నిలకడగా యాభై! చింతగరువు సెక్షన్ లైన్‌మన్!"

చింతగరువు లైన్‌మన్ ఎవరా అని అందరూ తలలు తిప్పి చూశారు. ఎవరూ లేవలేదు. లేచేందుకు ఎవరూ లేరు. చింతగరువు పోస్టు నాలుగేళ్లుగా ఖాళీ. ఆ పోస్టుకని వచ్చిన ఫోను డబ్బా కూడా చింపకుండా స్టోర్సులో ఏసీ గది బీరువాలో ఉంది. కంపెనీవాళ్లు యాభై దాకా నింపి పంపిన నాటి అంకెలే పట్టికలో అలా నిలిచిపోయాయి.

"సార్, అక్కడ మనిషి లేడు," అంది హిమజ మెల్లగా.

"సర్క్యులర్ తెప్పించండి," అన్నారు ఎస్ఈ గారు. తెప్పించారు. ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకూ చదివారు. "సూచిక అత్యధికముగా ఉన్న పోస్టుకు పదోన్నతి అని ఉంది. పోస్టులో మనిషి ఉండవలెనని ఎక్కడా లేదు. అయినా ఇందులో మనకు పాఠం లేదా? మనిషి ఉన్న ప్రతిచోటా బ్యాటరీ చెడింది. మనిషి లేని ఒక్క చోట బాగుంది!"

వేదిక మీద కుర్చీ వేశారు. దండ తెచ్చారు. ద్వితీయ స్థానంలో ఉన్నవాడు ప్రథముణ్ణి సత్కరించడం మర్యాద అన్నారు. భీమేశం నడిచి వెళ్లి ఆ ఖాళీ కుర్చీ మెడకు, అంటే వీపుకు, దండ వేశాడు. ఫొటో తీశారు.

"ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం," అని ఏసుపాదం పక్కవాడి చెవిలో గొణిగాడు. మంగతాయారు అక్క మాత్రం పైకే నవ్వింది.

ఇంటికొచ్చాక మంగతాయారు చీర కూడా మార్చుకోలేదు. "మనిసి సేతిలో ఓడిపోతే ఓ ముద్ద తక్కువ తిని ఊరుకుంటాం. మీరు కుర్చీ సేతిలో ఓడిపోయారేటండీ! మా అక్క మొహం ఎలా సూడను?" అని గోడకు చేరబడి కూర్చుంది. భీమేశానికి ఏడుపొచ్చింది. వచ్చినదాన్ని ఆపుకోలేదు కూడా.

మర్నాటి నుంచీ పైనుంచి కింది దాకా రాతకోతలన్నీ "శ్రీయుత లైన్ ఇన్‌స్పెక్టరు, ఖాళీ" గారి పేర నడిచాయి. సెక్షన్ ఆఫీసులో ఆయనకు బల్ల, కుర్చీ, గంట, మంచినీళ్ల గ్లాసు ఏర్పాటయ్యాయి. బల్ల సొరుగులో యాభై శాతంతో ఫోను. భీమేశం రోజూ పొద్దున్నే వెళ్లి కుర్చీకి నమస్కారం పెట్టి హాజరు వేయించుకోవాలి.

నాలుగు రోజులు కడుపు మండుతూనే పెట్టాడు. అయిదో రోజు గ్లౌజుల మాట గుర్తొచ్చింది. అలవాటు చొప్పున ఇరవై అయిదో అర్జీ రాసి కుర్చీ ముందు పెట్టాడు. మామూలుగా అయితే మూడో రోజుకల్లా "పరిశీలనలో ఉన్నది" అని వచ్చెయ్యాలి. రాలేదు. నాలుగో రోజు భీమేశం బుర్రలో, మాఘమాసంలో భోజనాల వాసన మధ్య విన్న వాక్యం టపీమని వెలిగింది. మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే అనుమతి లభించినట్టే.

సర్క్యులర్ కాపీ, అర్జీ కాపీ పట్టుకుని స్టోర్సుకు వెళ్లాడు. స్టోర్సు గుమాస్తా రెండూ చూసి, గోక్కుని, కొత్త గ్లౌజులు తీసిచ్చాడు. రెండేళ్ల తర్వాత! భీమేశం వాటిని అక్కడే తొడుక్కుని ఇంటి దాకా సైకిలు తొక్కాడు.

ఇక చూడండి. లైను మీదికి వాలిన కొమ్మలు కొట్టించడానికి అర్జీ. జవాబు లేదు, కొట్టించాడు. ఒరిగిన మూడు స్తంభాలకు అర్జీ. జవాబు లేదు, నిలబెట్టించాడు. బల్ల కింది రిజిస్టరును మళ్లీ బల్ల మీదికి తేవడానికి అర్జీ. జవాబు లేదు, తెచ్చారు. చివరికి ఒకనాడు ధైర్యం చేసి, "ప్రజావసరార్థం నా ఫోను నూరు శాతం నింపుకొనుటకు, దీర్ఘాయువు తీసివేయుటకు అనుమతి కోరుచున్నాను" అని రాశాడు. మూడు రోజులు కుర్చీ ముందు కూర్చుని దాని మొహంలోకి చూశాడు. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. సర్క్యులర్ ప్రకారం పూర్తి అంగీకారం.

"ఒక్క తిట్టు లేదు, ఒక్క మెమో లేదు. ముప్పై నాలుగేళ్లలో ఇంత మంచి ఆఫీసరు కింద పన్జెయ్యలేదురా ఏసుపాదం," అన్నాడు భీమేశం ఆ రోజు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

భాద్రపదంలో ఆనందవర్ధనరావు గారికి రిటైర్మెంటు వచ్చింది. మహోద్యమం సగంలో ఉంది, ఇంకొక్క ఏడాది పొడిగించండని ఆయన హెడ్డాఫీసుకు రాశారు. హెడ్డాఫీసు ఆయన ఉద్యమాన్ని ఎంతో మెచ్చుకుంది. మెచ్చుకుని, ఆయన పెట్టిన కొలతే ఆయనకూ పెట్టింది. ఎస్ఈ గారు పొద్దస్తమానం బ్యాటరీల మీద వీడియో మీటింగుల్లో ఉండేవారు కదా. ఫోను చార్జరుకు తగిలించే ఉండేది, చేతిలో కాలిపోతూ ఉండేది. సూచిక యాభై ఎనిమిది. జిల్లాలో అన్నిటికన్నా అట్టడుగు. పైన చూస్తే నూటికి నూరుతో లైన్ ఇన్‌స్పెక్టరు ఖాళీ గారున్నారు. ఆర్డరు వచ్చేసింది: జిల్లా ఎస్ఈ బాధ్యతలు ఖాళీ గారు స్వీకరించవలెను. ఖాళీ గారు వెళ్లిపోవుట చేత లైన్ ఇన్‌స్పెక్టరు పోస్టు ఖాళీ అయినందున, దానిని ద్వితీయ స్థానంలోని మట్టపర్తి భీమేశంతో భర్తీ చేయవలెను.

ఆర్డరు చేతికొచ్చినప్పుడు భీమేశానికి నలభై రోజుల సర్వీసు మిగిలి ఉంది. కాగితం నాలుగుసార్లు చదివి, ఫోను తీసి ఇంటికి చేశాడు. అవతల మంగతాయారు అంతా వింది. "ఇన్‌స్పెక్టరు గోరూ, మధ్యాన్నం కూరేం సెయ్యమంటారు?" అంది. పక్కన అక్క ఉందన్న సంగతి తెలిసిపోతోంది. అంత గట్టిగా అడిగింది.

కొత్త పోస్టులో చేరినట్టు రాసివ్వడానికి భీమేశం జిల్లా ఆఫీసుకు వెళ్లాడు. ఎస్ఈ గారి గదిలో పెద్ద కుర్చీ ఖాళీగా ఉంది. దాని ఎదుట, అర్జీదార్లు కూర్చునే చెక్క కుర్చీలో, చేతిలో కాగితాలతో ఆనందవర్ధనరావు గారు కూర్చుని ఉన్నారు. మూడు రోజులుగా అక్కడే కూర్చుంటున్నారట. బాధ్యతలు అప్పగించినట్టు ఆయన సంతకం పెట్టేశారు. పుచ్చుకున్నట్టు అవతలి అధికారి సంతకం పెట్టాలి. పెడితేగాని ఆయన్ని వదలరు. వదిలితేగాని పెన్షను కాగితాలు కదలవు.

"ఇది అన్యాయం కదూ భీమేశం?" అన్నారాయన. మొదటిసారి ఆ గొంతులో సదస్సు లేదు. కాస్త పెద్దవాడిలా కనబడ్డారు.

"అర్జీ పెట్టుకోండయ్యగోరూ. మూడ్రోజుల్లో జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే. తమరి నిబంధనేనండి. ఈయన సాలా మంచి ఆఫీసరు, నేను పన్జేశాను కదా," అన్నాడు భీమేశం. ఎగతాళికి అనలేదు.

ఆయన తలూపి, హెడ్డాఫీసుకు ఒకసారి మాట్లాడదామని జేబులోంచి ఫోను తీశారు. నొక్కారు. వీపు పొంగిన ఆ ఫోను ఒకసారి కూసి నల్లబడిపోయింది. ఆయన తాళం తియ్యాల్సిన పై అధికారి ఎవరా అని పెద్ద కుర్చీ వైపు చూశారు.

భీమేశం తన ఫోను తీసి ముందుకు చాపాడు. వెలిగే అద్దం మీద వంద అని ఉంది. ఆనందవర్ధనరావు గారి కళ్లు ఆ అంకె మీద నిలిచాయి. నోరు తెరుచుకుంది, వేలు పైకి లేచింది. మళ్లీ వేలు దించుకున్నారు.

"ఒక్క ఫోను చేసుకోనా?" అన్నారు నెమ్మదిగా.

"ఎంతసేపైనా మాట్లాడండయ్యగోరూ. నిండా ఉంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు భీమేశం.